జ్ఞానదంతం తీశాక నాలుగో రాత్రి

పరకాల నుంచి ఒక స్కూల్ టీచర్ అడిగిన ప్రశ్న ఇది. వయసు 26. శనివారం పొద్దున హనుమకొండలో కింది కుడివైపు జ్ఞానదంతం తీయించుకున్నారు. పన్ను ఎముకలో అడ్డంగా ఇరుక్కుని ఉండడంతో చిగురు కోసి, ఎముక కొంచెం చెక్కి, పన్నును ముక్కలు చేసి తీశారు. మూడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు మంగళవారం రాత్రి. చెంప ఉబ్బి ఉంది, నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోవడం లేదు, గుంతలో తెల్లగా ఏదో కనిపిస్తోంది, నోరు వాసన వస్తోంది, కింది పెదవి కుడి మూల ఇంకా మొద్దుగానే ఉంది. "డ్రై సాకెట్ అయిందేమోనని గుండె దడదడలాడుతోంది. రాత్రి మూడుసార్లు లేచి ఫోన్ టార్చ్ వేసుకుని అద్దంలో చూసుకుంటున్నా. మా అత్తమ్మేమో కళ్లకు దెబ్బ అంటోంది" అని రాశారు. నొప్పి గురించి మాత్రం చివర్లో ఒక్క మాట ఉంది. ఆదివారం ఆరు గంటలకోసారి గోలీ కావాల్సి వచ్చిందట, ఈ రోజు రెండింటితో సరిపోయిందట.

అమ్మా, మీరు చివర్లో రాసిన ఆ ఒక్క మాటే నాకు అన్నిటికంటే ముఖ్యం. ఇరవై ఏళ్లకు పైగా హనుమకొండలో పళ్ల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. భూపాలపల్లి నుంచి, జనగామ నుంచి, నర్సంపేట నుంచి వచ్చేవాళ్లకు ఈ పళ్లే ఎక్కువగా తీస్తుంటాను. మిమ్మల్ని కళ్లతో చూడకుండా "ఏమీ లేదు" అని రాసివ్వలేను. కానీ ఆదివారం నాలుగు గోలీల నొప్పి మంగళవారానికి రెండు గోలీల నొప్పి అయిందంటే, గాయం మానే దారిలోనే ఉందని నమ్మొచ్చు. మీరు గుంతను చూస్తున్నారు. చూడాల్సింది నొప్పి ఎటు పోతోందనేది. నిన్నటికంటే ఈ రోజు ఎక్కువా, తక్కువా?

ఈ ప్రశ్న విలువ నాకు ఒక తప్పు చేశాకే తెలిసింది. మిరప ఏరే రోజుల్లో నర్సంపేట వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. పన్ను తీసి పంపిస్తూ "వారం దాకా నొప్పి ఉంటుంది, కంగారు పడొద్దు" అన్నాను. మూడు రోజులు బాగానే ఉన్నాడు. నాలుగో రోజు నుంచి చెవిలోకి, కణతలోకి గుంజడం మొదలైంది. డాక్టరే వారం అన్నాడు కదా అని పళ్ల బిగువున భరించి, ఎనిమిదో రోజు నా దగ్గరికి వచ్చాడు. నాలుగు రాత్రులు నిద్ర లేదు. గుంత ఖాళీగా ఉంది, అడుగున ఎముక కనిపిస్తోంది. అదే డ్రై సాకెట్. సెలైన్‌తో కడిగి మందు పెట్టిన అరగంటకు కుర్చీలోనే నిద్రపోయాడు. ఆ నాలుగు రాత్రులు నా మాట వల్ల పోయినవే. అప్పటి నుంచి ప్రతి ఒక్కరికీ ఇట్లా చెబుతున్నాను: నొప్పి ఉండడం మామూలే, రోజురోజుకూ తగ్గుతూ పోవాలి. తగ్గినట్టే తగ్గి మూడో, నాలుగో రోజున మళ్లీ పెరిగితే ఆ రోజే రండి.

ఇప్పుడు మీ భయాల్లోకి ఒక్కొక్కటిగా వస్తాను.

ముందు ఆ తెల్లటిది. మోకాలు దోక్కుపోతే దాని మీద గోధుమ రంగు పెచ్చు కడుతుంది కదా. నోట్లోనూ అదే జరుగుతుంది. నోరు ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి పెచ్చు ఎండదు, నాని తెల్లగానో పసుపుగానో కనిపిస్తుంది. దాని కింద రక్తపు గడ్డ, ఆ గడ్డలోంచి కొత్త కండ. దాన్ని చూసి చీము అనుకుని దూదితో తుడిచేవాళ్లను, టూత్‌పిక్‌తో గీకేవాళ్లను ఎంతమందిని చూశానో. దయచేసి ముట్టుకోకండి. పాలు తోడు వేసిన గిన్నెను మాటిమాటికీ కదిలిస్తే పెరుగు పేరుకోదు. ఈ గడ్డ కూడా అంతే. స్ట్రాతో పీల్చొద్దు, గట్టిగా ఉమ్మొద్దు, పుక్కిలించేటప్పుడు జోరు చూపొద్దు అని మేం అనేది అందుకే. చీము అయితే నొక్కితే కారుతుంది, రుచి పాడుగా ఉంటుంది, దాంతోపాటు వాపు, నొప్పి పెరుగుతాయి, జ్వరం కూడా రావొచ్చు.

డ్రై సాకెట్ అంటే ఆ గడ్డ ఊడిపోవడమో కరిగిపోవడమో జరిగి ఎముక బయటపడడం. మామూలు పన్ను తీసినప్పుడు నూటికి 1 నుంచి 5 మందిలో వస్తుంది. కింది జ్ఞానదంతాలకు అంతకంటే ఎక్కువ, ఎముకలో ఇరుక్కున్నవాటికి నూటికి 30 దాకా చెప్పిన లెక్కలూ ఉన్నాయి. సిగరెట్, బీడీ తాగేవాళ్లకు ఎక్కువ. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లలో కూడా కొంచెం ఎక్కువే. మీరు వాడుతుంటే మీ డాక్టర్‌కు చెప్పండి, సొంతంగా ఆపకండి. సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మొదలవుతుంది. వచ్చిందంటే అనుమానానికి తావుండదు. వేసుకున్న గోలీ పనిచేయదు, నొప్పి చెవి దాకా, కన్ను దాకా కొడుతుంది. ఏదో తెల్లగా ఉందే అని అద్దంలో వెతికి పట్టుకోవాల్సిన జబ్బు కాదది. ఒకవేళ వచ్చినా ప్రాణానికి ముప్పు లేదు. గుంత కడిగి లవంగ నూనె కలిసిన మందు పెడతాం, చాలామందికి ఆ పూటే ఉపశమనం దొరుకుతుంది. అవసరమైతే ఒకటి రెండు రోజులకోసారి మందు మారుస్తాం. ఎముక దానంతట అదే కప్పుకుంటుంది, కొంచెం ఆలస్యంగా. రేపు, ఎల్లుండి కూడా నొప్పి ఇట్లాగే తగ్గుతూ పోతే ఈ భయాన్ని పక్కన పెట్టేయవచ్చు.

వాపు 48 నుంచి 72 గంటల మధ్య అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. మీకు ఆ గడువు ఈ రోజు పొద్దునతో దాటింది. రేపటి నుంచి దిగడం మొదలు కావాలి, వచ్చే వారాంతానికి చాలావరకు పోవాలి. చెంప మీద, మెడ దగ్గర పచ్చగానో ఆకుపచ్చగానో మచ్చ దిగితే భయపడకండి, అది లోపల పేరుకున్న రక్తం రంగు మారడమే. మొదటి రోజు ఐస్ పెట్టి ఉంటారు. ఇప్పుడు దాని పని అయిపోయింది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన బట్టను చెంప మీద పది పదిహేను నిమిషాలు పెట్టుకోండి, రోజుకు మూడు నాలుగుసార్లు.

నోరు తెరుచుకోకపోవడం గుంత వల్ల కాదు, నమిలే కండరాలు బిగుసుకోవడం వల్ల. ఇంజెక్షన్ వాటి పక్కనుంచే పోతుంది, గంటసేపు నోరు తెరిచి ఉంచడంతో అవి అలసిపోతాయి. వారం, రెండు వారాల్లో వదులవుతాయి. కాపడం పెట్టాక మెల్లగా తెరిచి, కాసేపు ఆపి, మూయండి. లాగినట్టు అనిపించే దాకా చాలు, నొప్పి పుట్టేదాకా వద్దు. మీ సొంత వేళ్లు మూడు ఒకదానిమీద ఒకటి పెట్టి దూరితే నోరు మామూలుగా తెరుచుకున్నట్టే. మీకు ఇంకా ఒక వేలు లోటు, అంతే.

ఇక్కడ మీ టెన్షన్‌కూ దవడకూ ఉన్న సంబంధం చెప్పాలి. భయంలో ఉన్న మనిషికి తెలియకుండానే పళ్లు బిగుస్తాయి. రాత్రంతా పళ్లు బిగబట్టి పడుకుంటే తెల్లారేసరికి దవడ మరింత నొస్తుంది. ఆ నొప్పిని చూసి భయం పెరుగుతుంది, దాంతో మళ్లీ పళ్లు బిగుస్తాయి. నా దగ్గరికి "గుంతలో నొప్పి" అని వచ్చినవాళ్లలో కొందరికి గుంత చక్కగా మానుతుంటుంది, నొప్పంతా కండరంలోనే. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి, నాలుక వదులుగా ఉండాలి. ఫోన్‌లో గంటకోసారి అలారం పెట్టుకుని పళ్లు బిగిశాయా అని గమనించండి.

వాసన సంగతి. మూడు రోజులుగా సరిగ్గా బ్రష్ చేయలేదు, నోరు తెరవలేదు, మెతుకులు ఇరుక్కున్నాయి. వాసన రాకపోతేనే వింత. మీకు ఇచ్చిన గోలీల్లో మెట్రోనిడజోల్ ఉంటే నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది, అది మందు రుచి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, నోరు తెరిచి నీళ్లు జారవిడవండి. అన్నం తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు కూడా. మిగతా పళ్లన్నిటికీ మామూలుగా బ్రష్ చేయొచ్చు, చేయాలి కూడా. కుట్ల దగ్గర మాత్రం దూరంగా ఆగండి.

పెదవి మొద్దుబారడం గురించి దాచకుండా చెబుతాను. మత్తు ఇంజెక్షన్ ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది. నాలుగో రోజు కూడా మొద్దుగా ఉందంటే, కింది దవడలో పన్ను వేళ్ల పక్కనుంచి పోయే నరం కొంచెం ఒత్తుకునో, దాని చుట్టూ వాపు వచ్చో ఉండవచ్చు. ఆ నరం పెదవికి, గదవకు స్పర్శను ఇస్తుంది, కదలికను కాదు. అందుకే మీ మూతి వంకర పోలేదు, పోదు. ఎక్కువమందిలో వారాల్లో, కొందరిలో నెలల్లో స్పర్శ తిరిగి వస్తుంది. శాశ్వతంగా ఉండిపోయేది నూటికి ఒకరికన్నా తక్కువమందిలో. చీమలు పాకినట్టు జిలజిల మొదలైతే సంతోషించండి, నరం మేలుకుంటోందని అర్థం. అయినా రేపే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. ఆపరేషన్ చేసినవాళ్లు మొదటి వారంలోనే దీన్ని రాసి పెట్టుకోవాలి. మొద్దుగా ఉన్న మేర చుట్టూ పెన్నుతో సన్నటి గీత గీసి ఫోటో తీసుకోండి. రెండు వారాల తర్వాత మళ్లీ గీస్తే అది చిన్నదైందో లేదో మీకే తెలుస్తుంది. అప్పటిదాకా వేడి టీ, వేడి చారు జాగ్రత్త, పెదవి కాలినా తెలియదు.

మీ అత్తమ్మ మాటకు కోపం తెచ్చుకోకండి. పన్ను పీకితే చూపు పోతుందన్న మాట మా నాయనమ్మ కూడా అనేది, ఇప్పటికీ వారంలో ఒకరైనా నన్ను అడుగుతారు. చూపుకు సంబంధించిన నరం వేరు, అది కంటి వెనక నుంచి నేరుగా మెదడుకు పోతుంది. పళ్ల నరాలు వేరు. రెండింటికీ కలయిక లేదు. కంటి కింద వాపు వచ్చి రెప్ప బరువుగా అనిపించవచ్చు, ఆ మాట అక్కడి నుంచే పుట్టి ఉంటుందని నా ఊహ. ఇంకో మాట కూడా వినే ఉంటారు, పప్పు తింటే చీము పడుతుందని. ఈ మాట వల్ల ఎంతమంది వారం రోజులు ఉత్త చారన్నం తిని నీరసపడిపోతారో! గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పెసరపప్పు మెత్తగా ఉడికించి, కారం లేకుండా, చల్లార్చి తినండి. రాగి జావ, జొన్న అంబలి, పెరుగన్నం బాగా మెదిపి, పాలల్లో నానిన ఇడ్లీ, మెత్తగా చిదిమిన గుడ్డు, అరటిపండు. ఎడమవైపు నమలండి. కొబ్బరిబొండం తాగాలనిపిస్తే గ్లాసులో పోయించుకుని తాగండి, స్ట్రాతో వద్దు. సకినాలు, సర్వపిండి, పేలాలు, నువ్వుల పొడి, సత్తుపిండి రెండు మూడు వారాలు ముట్టొద్దు. గింజ ఒక్కటి గుంతలో దూరితే తీయడం మహా కష్టం. ఇంట్లో ఎవరైనా గాయంలో జిందా తిలిస్మాత్ చుక్క వేద్దామన్నా, పసుపు అద్దుదామన్నా, ఉత్త లవంగ నూనె దూదితో పెడదామన్నా ఒప్పుకోకండి. నొప్పి పుట్టే పంటి మీద వాటికి ఏదో పని ఉండొచ్చు, తెరిచి ఉన్న గాయంలో అవి కాలుస్తాయి.

గోలీలు. ఎక్కువ వాడితే ఏమవుతుందోనని ఆపి చూస్తున్నట్టు మీ మాటల్లో అనిపించింది. రెండు గోలీలతో నిజంగా సరిపోతే మంచిదే. బిగబట్టుకుని సరిపెడితే మాత్రం వద్దు. నొప్పి ముదిరాక వేసుకున్న గోలీ ఆలస్యంగా పనిచేస్తుంది. డాక్టర్ రాసిన వేళకు, రాసిన మోతాదులో, ఏదైనా తిన్నాకే వేసుకోండి. కడుపులో పుండు, ఆస్తమా, కిడ్నీ ఇబ్బంది, గర్భం, వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలి. యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే చెప్పినన్ని రోజులు వాడండి. మెడికల్ షాపులో అడిగి ఇంకో ఐదు రోజులు పొడిగించకండి.

ఇప్పుడు అద్దం గురించి. నా జ్ఞానదంతం తీయించుకున్నది డాక్టర్‌గా పని మొదలుపెట్టిన రెండో ఏట, బతుకమ్మ రోజుల్లో. పైన రాసిందంతా అప్పటికే చదివి, పరీక్ష రాసి, నలుగురికి చెప్పి ఉన్నాను. అయినా మూడో రాత్రి రెండింటికి లేచి టార్చ్ వేసుకుని గుంతను చూశాను. పది నిమిషాల తర్వాత మళ్లీ చూశాను. ప్రతిసారీ కొత్తగా ఏదో తప్పు కనిపించింది. పొద్దున మా ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి నల్లగా ఉంది, తెల్లగా ఉంది అని చెబుతుంటే ఆయన ఆపి "నొప్పి నిన్నటికంటే ఎక్కువా, తక్కువా?" అని అడిగారు. "తక్కువే సార్" అన్నాను. "అయితే పోయి పడుకో" అన్నారు. ఆ ప్రశ్నను నర్సంపేట రైతు వచ్చేదాకా నేనెవరినీ అడగలేదు. అందుకని భయపడ్డందుకు సిగ్గుపడకండి. చదువుతో అది పోదని నాకు తెలుసు.

ఒక పని చేయండి. గుంతను రోజుకు ఒక్కసారి, పొద్దున పుక్కిలించాక, పగటి వెలుతురులో చూడండి. రాత్రి టార్చ్ వద్దు. ఆ వెలుగులో నీడలు పడి ప్రతిదీ నల్లగా, లోతుగా కనిపిస్తుంది. ఒక కాగితం మీద పొద్దున, సాయంత్రం రెండు అంకెలు వేయండి. నొప్పి పదికి ఎంత, నోరు ఎన్ని వేళ్లు తెరుచుకుంది. వీడియోలు మానేయండి, వాటిలో చూపించేవి మీ నోరు కాదు. పడుకునేటప్పుడు రెండు దిండ్లు పెట్టుకోండి. తల వాలిస్తే రక్తం అటు చేరి దడదడ కొట్టుకుంటుంది, అదే మీకు రాత్రిపూట నొప్పి పెరిగినట్టు అనిపించేది. గుండె దడ మొదలైతే గాలి నాలుగు అంకెల దాకా పీల్చి, ఆరు అంకెల దాకా మెల్లగా వదలండి, ఐదు నిమిషాలు. రాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ, డబ్బులుండవు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పంటి గురించి అయితే చేయకూడదేమో అనుకోకండి. నిద్ర పట్టకపోవడం చాలిన కారణమే.

భయపడి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిని ఫ్రిజ్ మీద రాసి అంటించండి. ఊపిరి ఆడకపోవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, నాలుక కింద భాగం గట్టిపడి నాలుక పైకి లేవడం, వాపు మెడలోకి దిగడం, గొంతు మారి ముద్దగా రావడం. వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లారనివ్వొద్దు, 108కు ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎంకు వెళ్లండి. రక్తం ఆగకుండా కారితే శుభ్రమైన తడి గాజుగుడ్డ మడిచి గుంత మీద పెట్టి అరగంట కదలకుండా కరిచి పట్టుకోండి, మధ్యమధ్య తీసి చూడొద్దు. అప్పటికీ ఆగకపోతే అదే దారి. 101 దాటిన జ్వరం, చీము, దిగుతున్న వాపు మళ్లీ లేవడం, నోరు నిన్నటికంటే తక్కువ తెరుచుకోవడం, నొప్పి మళ్లీ పెరగడం, వీటికి ఆ రోజే మీ డాక్టర్ దగ్గరికి. ఇవాళ మీరు రాసినవాటిలో ఇవేవీ లేవు.

స్కూల్‌కు ఎల్లుండి పోవచ్చు, నొప్పి, వాపు ఇట్లాగే తగ్గితే. గట్టిగా పాఠం చెప్పడం మాత్రం ఇంకో వారం వద్దు, పిల్లలకు బోర్డు మీద పని ఇవ్వండి. గుంత పైకి పూడుకోవడానికి మూడు నాలుగు వారాలు, లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా మెతుకులు ఇరుక్కుంటాయి, పుక్కిలిస్తూ ఉండండి.

రేపు పొద్దున ఫోన్ చేయడానికి మొహమాట పడొద్దు. "నాలుగో రోజు, నొప్పి తగ్గుతోంది, వాపు నిన్నటిలాగే ఉంది, పెదవి మొద్దుగా ఉంది" అనండి చాలు, మిగతావి వాళ్లే అడుగుతారు. నల్లదారం కుట్లయితే శనివారం నాటికి తీయించుకోవాల్సి వస్తుంది, కరిగేవైతే అవసరం ఉండదు. ఏవి వేశారో కూడా ఆ ఫోన్‌లోనే అడగండి. వెళ్లేటప్పుడు మీరు అంకెలు వేసిన కాగితం, పెదవి గీత ఫోటో తీసుకెళ్లండి.